కయోటీ వేటకు ఏ రైఫిల్? తూటా పెట్టె మీది అంకె ఎంతవరకు చెబుతుంది

కాలేజీలో ఎన్‌సీసీ చేసినవారికి .22 రైఫిల్ గుర్తుండే ఉంటుంది. బోర్లా పడుకుని, పాతిక గజాల దూరంలోని కాగితం మీదికి గుండ్లు పేల్చడం. భుజానికి దెబ్బ తగిలినట్టే ఉండదు, చప్పుడూ అంతంతే. మన సైన్యం ఏళ్ల తరబడి వాడిన ఇన్సాస్ రైఫిల్‌ది 5.56 మిల్లీమీటర్ల తూటా. దాని గుండూ ఎన్‌సీసీ గుండూ దాదాపు ఒకే లావు. పక్కపక్కన పెట్టి కొలిస్తే వెంట్రుకవాసి తేడా. అయినా ఎన్‌సీసీ గుండు తుపాకీ గొట్టం, అంటే బ్యారెల్, దాటేటప్పుడు మోసుకెళ్లే శక్తి సుమారు 175 జౌళ్లు. ఇన్సాస్ గుండుది 1,700 జౌళ్ల తరగతి. అంటే పదింతలు.

అమెరికాలో కయోటీ వేటకు రైఫిల్ కొనబోయేవారి తికమకంతా ఇక్కడే మొదలవుతుంది. దుకాణంలో .17, .204, .22, .223, .22-250, .243 అని వరసగా పెట్టెలు కనిపిస్తాయి. అంకె పెరిగితే బలం పెరుగుతుందనుకుంటే తప్పు, అన్నీ చిన్నవే గనుక ఒకటేననుకున్నా తప్పే. ఊరవతల నాలుగైదు ఎకరాలు కొని మేకలో కోళ్లో పెంచుకుంటున్న అమెరికా తెలుగువాళ్లకు ఈ ప్రశ్న ఎదురవుతుంటుంది. పశువుల్ని పెంచే పొరుగు రాంచర్ ఒక మాట చెబుతాడు, దుకాణదారు ఇంకొకటి. ఇద్దరూ నిజమే చెబుతుండవచ్చు. వాళ్ల మనసులో ఉన్న దూరాలూ జంతువులూ వేరు, అంతే.

కయోటీ ఎంత జంతువు, వార్మింట్లు అంటే ఏవి

కయోటీ మన గుంటనక్కకు కాస్త పెద్దన్న లాంటిది. పశ్చిమ రాష్ట్రాల్లో సాధారణంగా 9 నుంచి 16 కిలోల దాకా తూగుతుంది. ఈశాన్యంలో తోడేలు, కుక్క రక్తం కలిసిన కయోటీలు 20 కిలోలు దాటడమూ ఉంది. హవాయి తప్ప అమెరికా రాష్ట్రాలన్నిటిలో ఇది తిరుగుతుంది, షికాగో నడిబొడ్డుతో సహా. గొర్రెపిల్లలను ఎత్తుకుపోయే జంతువుల్లో దీనిదే మొదటి స్థానమని అమెరికా వ్యవసాయ శాఖ సర్వేలు మళ్లీ మళ్లీ చెబుతున్నాయి.

పంటకో పశువుకో నష్టం చేసేవని వేటగాళ్లు భావించే చిన్న జంతువులన్నిటికీ కలిపి వార్మింట్లని పేరు. పచ్చికబయళ్లలో బొరియలు తవ్వే, ఉడుత జాతికి చెందిన ప్రెయిరీ డాగ్‌లు, గ్రౌండ్ స్క్విరల్‌లు, తూర్పున వుడ్‌చక్‌లు, నక్కలు, రకూన్‌లు ఇందులోకి వస్తాయి. ప్రెయిరీ డాగ్ కిలో అటూఇటూగా ఉంటుంది, కయోటీ దానికి పదిహేనింతలు. ఒకదాన్ని మూడు వందల గజాల నుంచి మధ్యాహ్నమంతా కాలుస్తారు. రెండోదాన్ని పొదల చాటున కూర్చుని, కుందేలు అరుపులాంటి కూతతో రప్పించి, రోజుకు ఒక్క గుండు పేల్చినా అదృష్టమే అనుకుంటారు. ఈ రెండు పనులకూ ఒకే రైఫిల్ అమరుతుందా అన్నదాంట్లోనే సగం వాదన ఉంది.

గుండు లావు, బరువు, వేగం: ఏది ఏం చేస్తుంది

తూటా అంటే మొత్తం సరంజామా: ఇత్తడి గొట్టం, అందులో మందు, అడుగున నిప్పు రాజేసే ప్రైమర్, మూతిలో గుండు. బయటికి ఎగిరి వెళ్లేది గుండు మాత్రమే. క్యాలిబర్ అనేది ఆ గుండు వ్యాసాన్ని అంగుళాల్లో ఉజ్జాయింపుగా చెప్పే అంకె. .17 గుండు 4.4 మిల్లీమీటర్లు, .204 అయితే 5.2, .22 కుటుంబమంతా 5.7, .243 వచ్చేసరికి 6.2. అన్నిటికంటే సన్నదానికీ లావుదానికీ మధ్య తేడా రెండు మిల్లీమీటర్లు కూడా లేదు.

అసలు తేడా తెచ్చేది వెనకున్న మందు. గుండు బరువును గ్రెయిన్లలో చెబుతారు. ఒక గ్రాముకు దాదాపు పదిహేనున్నర గ్రెయిన్లు. .22 లాంగ్ రైఫిల్, అంటే మన ఎన్‌సీసీ తూటా, 40 గ్రెయిన్ల గుండును సెకనుకు 1,200 అడుగుల వేగంతో పంపుతుంది. .223 రెమింగ్టన్ 55 గ్రెయిన్ల గుండును 3,240 అడుగుల వేగంతో పంపుతుంది. గమన శక్తి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుందని స్కూల్లో చదువుకున్నాం. వేగం 2.7 రెట్లయితే శక్తి ఏడు రెట్లు దాటుతుంది, బరువు తేడా కూడా కలిస్తే పదింతలు. లెక్క సరిపోయింది.

వేగంతో పాటు చూడాల్సినది ఇంకొకటుంది. గుండు ఎంత పొడవుగా, మొనదేలి, బరువుగా ఉంటే గాలిని అంత తేలిగ్గా చీల్చుకుపోతుంది. ఈ గుణాన్ని బాలిస్టిక్ కోఎఫిషియంట్ అనే అంకెతో చెబుతారు. కళ్లంలో ధాన్యం తూర్పారబట్టేటప్పుడు గింజ నిటారుగా కిందపడుతుంది, పొట్టు గాలివాటున కొట్టుకుపోతుంది. గుండ్ల సంగతీ అంతే. పెట్టె మీద పెద్ద అక్షరాల్లో వేసేది బ్యారెల్ మూతి దగ్గరి వేగం. ఆ వేగాన్ని రెండు మూడు వందల గజాల దాకా ఎంత నిలుపుకుంటుందో చెప్పేది మాత్రం ఈ రెండో అంకె.

రిమ్‌ఫైర్, సెంటర్‌ఫైర్: మొదట తేల్చుకోవాల్సిన చీలిక

.22 లాంగ్ రైఫిల్, .22 మ్యాగ్నమ్, .17 హెచ్ఎమ్ఆర్ తూటాల్లో నిప్పు రాజేసే రసాయనం ఇత్తడి గొట్టం అంచు మడతలో ఉంటుంది. ఫైరింగ్ పిన్ ఆ అంచును నొక్కితే పేలుతుంది. వీటిని రిమ్‌ఫైర్ తూటాలంటారు. అంచు నలగాలంటే లోహం పల్చగా ఉండాలి, పల్చటి లోహం ఎక్కువ ఒత్తిడిని ఓర్చుకోలేదు. అందుకే .22 లాంగ్ రైఫిల్ ఒత్తిడి హద్దు చదరపు అంగుళానికి 24 వేల పౌండ్లు, .17 హెచ్ఎమ్ఆర్‌ది 26 వేలు. ప్రైమర్ అడుగున మధ్యలో ఉండే సెంటర్‌ఫైర్ తూటాల్లో గోడలు దళసరి. .223 హద్దు 55 వేలు, .22-250 హద్దు 65 వేలు. రిమ్‌ఫైర్‌ను ఎంత మెరుగుపరిచినా సెంటర్‌ఫైర్ బలం రాకపోవడానికి ఇదే కారణం.

రిమ్‌ఫైర్‌లకు ఆకర్షణ లేకపోలేదు. .22 లాంగ్ రైఫిల్ 1887 నుంచి ఉంది. దానికంటే చవక తూటా దొరకదు, చప్పుడు తక్కువ. 1959లో వచ్చిన .22 మ్యాగ్నమ్ శక్తి దానికి రెండింతలు పైమాట. 2002లో హోర్నడీ కంపెనీ తెచ్చిన .17 హెచ్ఎమ్ఆర్ 17 గ్రెయిన్ల బుల్లి గుండును 2,550 అడుగుల వేగంతో పంపుతుంది. వంద గజాల దాకా గీత గీసినట్టు పోతుంది. ఉడుత జాతి జంతువులకు అది చక్కటి తూటా.

మరి కయోటీకి? ఇక్కడ వేటగాళ్లలో రెండు మాటలున్నాయి. ఇళ్లకు దగ్గరగా, యాభై అరవై గజాల్లో, కదలకుండా నిలబడ్డ కయోటీకి .22 మ్యాగ్నమ్ చాలని, చప్పుడుకు పొరుగువాళ్లు ఇబ్బంది పడరని ఒక వాదన. అది కొట్టిపారేయాల్సిన మాట కాదు. అనుభవజ్ఞులు అలా పడగొట్టినవి చాలానే ఉంటాయి. జంతువు కాస్త పక్కకు తిరిగినా, గుండు భుజం ఎముకకు తగిలినా చాలినంత లోతుకు పోదని రెండో వాదన. నాకు రెండోదే బలంగా కనిపిస్తుంది. .17 హెచ్ఎమ్ఆర్ గుండు బ్యారెల్ దాటేటప్పుడు 330 జౌళ్లు మోస్తుంది. వంద గజాల దగ్గర మిగిలేది 185, రెండు వందల దగ్గర వంద కూడా ఉండదు. పదిహేను కిలోల జంతువు పొట్టలో ఆ చిన్న గుండుతో పొదల్లోకి పారిపోతే దాని చావుకు గంటలు పట్టవచ్చు, రోజులూ పట్టవచ్చు. మంచి రోజున ఏం జరిగిందన్నది చూసి తూటాను ఎంచుకుంటే ఆ కష్టం జంతువు పడుతుంది.

ఆరంగుళాల గురిలో గాలి తప్పు ఎంత

కయోటీ పక్కకు తిరిగి నిలబడితే గుండె, ఊపిరితిత్తులు ఉన్న చోటు సుమారు ఆరంగుళాల వెడల్పు. మధ్యకు గురిపెడితే ఏ పక్కకైనా మూడంగుళాల దాకా తప్పు ఓర్చుకుంటుంది. అంతకు మించితే తప్పిపోతుంది, లేదా పొట్టలో తగులుతుంది.

పొలంలో గాలి కొలవడానికి పరికరం ఉన్నా, అది చెప్పేది మనమున్న చోటి గాలి. జంతువున్న చోట గడ్డి ఎలా ఊగుతోందో చూసి అంచనా వేయాల్సిందే. ఆ అంచనాలో గంటకు ఐదు మైళ్ల పొరపాటు అనుభవం ఉన్నవారికీ మామూలే. పక్కగాలి పది మైళ్లుండగా మనం ఐదే అనుకున్నామనుకోండి. సాధారణ లెక్కల ప్రకారం గుండు ఎంత పక్కకు జరుగుతుందో చూద్దాం.

రెండు వందల గజాల దగ్గర .17 హెచ్ఎమ్ఆర్ ఏడున్నర అంగుళాలు తప్పుతుంది. అంటే గుండె అనుకున్నది పొట్ట అవుతుంది. 55 గ్రెయిన్ల .223 రెండంగుళాల పైచిలుకు తప్పుతుంది, అయినా గురిలోనే ఉంటుంది. అదే బరువు గుండు పేల్చే .22-250 రెండంగుళాలకు కాస్త లోపు. పేరుమోసిన .22-250కీ సాదాసీదా .223కీ మధ్య ఇక్కడ తేడా అంగుళంలో మూడో వంతు కూడా లేదు.

మూడు వందల గజాలకు పోదాం. అదే ఐదు మైళ్ల పొరపాటుకు .223 ఐదంగుళాలు దాటి తప్పుతుంది. .22-250 నాలుగున్నర తప్పుతుంది. 40 గ్రెయిన్ల .204 రూగర్ సెకనుకు 3,900 అడుగులతో బయలుదేరి కూడా నాలుగు తప్పుతుంది. మూడూ మూడంగుళాల హద్దు దాటాయి. తూటాకు ఎంత డబ్బు పెట్టినా, గాలిని చదవడం రానివాడికి ఆ దూరం తన దూరం కాదు.

ఈ లెక్కలోనే ఆశ్చర్యం కలిగించేది ఇంకొకటి ఉంది. .223లోనే 75 గ్రెయిన్ల పొడవాటి గుండు వేస్తే అది 2,800 అడుగుల లోపు వేగంతో, పై మూడింటికంటే నిదానంగా బయలుదేరుతుంది. కానీ మూడు వందల గజాల దగ్గర దాని తప్పు మూడంగుళాల చిల్లరే. వేగంలో వెయ్యి అడుగులు ముందున్న .204ను గాలిలో ఓడిస్తుంది. దీనికి రెండు మెలికలున్నాయి. మొదటిది, ఆ బరువు గుండ్లలో చాలావాటిని కాగితం మీద పోటీల కోసం తయారు చేశారు. జంతువులో తగిలినప్పుడు అన్నీ ఒకేలా విచ్చుకోవు. రెండోది బ్యారెల్ మెలిక.

బ్యారెల్ లోపలి మెలిక: చాలామంది చూడని అంకె

బ్యారెల్ లోపల మెలితిరిగిన గాళ్లుంటాయి. అవి గుండును బొంగరంలా తిప్పి పంపుతాయి. ఎన్ని అంగుళాలకు ఒక పూర్తి చుట్టు తిరుగుతుందో దాన్నే ట్విస్ట్ అంటారు. 1:12 అంటే పన్నెండు అంగుళాలకు ఒక చుట్టు, 1:8 అంటే ఎనిమిదికే. పొడవాటి గుండు నిలకడగా పోవాలంటే వేగంగా తిరగాలి. 75 గ్రెయిన్ల గుండును 1:12 బ్యారెల్‌లో పేలిస్తే అది గాలిలో తడబడి కాగితాన్ని అడ్డంగా చింపుతుంది. 1:8 బ్యారెల్ తేలిక గుండ్లనూ బరువు గుండ్లనూ బాగానే పంపుతుంది. మరీ పల్చటి తొడుగున్న గుండ్లు కొన్ని అతివేగపు తిరుగుడుకు గాలిలోనే చెదిరిపోతాయి, అది వేరే సంగతి.

.223 రైఫిళ్లు 1:12 నుంచి 1:7 దాకా రకరకాలుగా దొరుకుతాయి. .22-250కి తరతరాల సంప్రదాయం 1:14, తేలిక గుండ్ల కోసం. ఒకే పేరున్న రెండు రైఫిళ్లు ఒకే తూటాతో రెండు రకాలుగా ప్రవర్తిస్తే కారణం తరచుగా ఇదే. బ్యారెల్ మీద చిన్నగా చెక్కి ఉండే ఈ అంకె క్యాలిబర్ అంకె కంటే తక్కువదేం కాదు.

.223నా, .22-250నా: ముగియని వాదన

.250 శావేజ్ తూటా మూతిని నొక్కి .22 గుండు పట్టేలా చేతిపనివాళ్లు తయారు చేసుకున్నదే .22-250. 1965లో రెమింగ్టన్ కంపెనీ దాన్ని దుకాణాల్లోకి తెచ్చింది. .223 పుట్టుక వేరు. అది అమెరికా సైన్యపు ఎమ్-16 రైఫిల్‌తో పాటు 1960లలో రూపుదిద్దుకుంది. ఈ పుట్టుకే వాటి నేటి స్వభావాన్ని నిర్ణయించింది. సైన్యం వాడే తూటాకు తోబుట్టువు కావడంతో .223 తయారయ్యే పరిమాణానికి పోలిక లేదు. సెంటర్‌ఫైర్‌లలో అంత చవకగా, అన్ని రకాల గుండ్లతో, ఏ చిన్న పట్టణంలోనైనా దొరికేది ఇంకొకటి లేదు.

.22-250 వైపు వాదన ఇది. అదే 55 గ్రెయిన్ల గుండును అది సెకనుకు 440 అడుగులు ఎక్కువ వేగంతో పంపుతుంది. రెండు వందల గజాలకు గురి సరిచేసుకుంటే మూడు వందల దగ్గర .223 ఆరేడు అంగుళాలు కిందికి దిగుతుంది, .22-250 ఐదు. దూరం అంచనాలో తప్పు జరిగితే ఆ తేడా ఆదుకుంటుంది. వ్యోమింగ్, మోంటానా లాంటి విశాల బయళ్లలో, కయోటీ మూడు వందల గజాల అవతల ఆగి ఇక దగ్గరికి రానని మొండికేస్తే, అదనపు శక్తి నిజంగా పనికొస్తుంది.

.223 వైపు వాదన వేరే దారిలో వెళ్తుంది. .22-250 సుమారు 35 గ్రెయిన్ల మందు కాలుస్తుంది, .223 పాతిక. అదే సన్నటి బ్యారెల్‌లోంచి అంత ఎక్కువ మంట పోతుంటే దాని గొంతు, అంటే గుండు దూరే మొదటి భాగం, త్వరగా అరిగిపోతుంది. భుజానికి తగిలే దెబ్బ రెండింట్లోనూ తక్కువే, .223లో మరీ తక్కువ. అందువల్ల గుండు తగిలిన క్షణం టెలిస్కోప్‌లోనే కనిపిస్తుంది, తప్పితే ఎటు తప్పిందో తెలుస్తుంది. అన్నిటికంటే ముఖ్యం తూటా చవక కావడం వల్ల సాధన ఎక్కువవుతుంది. పై లెక్కలో గాలి అంచనా తప్పు ఎంత పనిచేస్తుందో చూశాం. ఆ తప్పును తగ్గించేది సాధన ఒక్కటే. కూతతో రప్పించే వేటలో ఎక్కువ అవకాశాలు రెండు వందల గజాల లోపే వస్తాయి గనుక, మొదటి రైఫిల్ కొనేవారికి .223 పేరు ఎక్కువగా వినిపించడంలో న్యాయముందనే నా నమ్మకం. ఏటా చలికాలం బయళ్లలోనే గడిపే వేటగాడికి .22-250 మీద ఉన్న మమకారాన్నీ తప్పుపట్టలేను.

2004లో వచ్చిన .204 రూగర్ ఈ ఇద్దరి మధ్య మూడో దారి. దెబ్బ .223 అంత స్వల్పం, దారి .22-250 అంత చదును. గుండు బరువు తక్కువ కావడంతో పెద్ద కయోటీ భుజం మీద ఆగిపోతుందేమోనన్న అనుమానం మాత్రం దాన్ని వదలదు. 40 గ్రెయిన్ల గుండుతో ఆ అనుమానం కొంత తగ్గుతుంది, 32 గ్రెయిన్ల గుండుతో ఉండాల్సిందే.

ఒక జాగ్రత్త ఇక్కడే చెప్పాలి. సైన్యం వాడే 5.56 నాటో తూటా .223 రైఫిల్‌లో పడుతుంది, కానీ రెండూ అచ్చంగా ఒకటి కావు. నాటో తూటాకు తగ్గట్టు తయారైన రైఫిల్ రెండిటినీ పేలుస్తుంది. .223 కోసమే చేసిన బిగుతు ఛాంబర్‌లో, అంటే తూటా కూర్చునే గూడులో, నాటో తూటా పేలిస్తే ఒత్తిడి హద్దు దాటవచ్చు. .223 వైల్డ్ అని చెక్కి ఉంటే ఆ ఛాంబర్ రెండిటికీ సరిపోతుంది.

తోలు కావాలా, వద్దా

కయోటీ బొచ్చు చలికాలంలో ఒత్తుగా, మెత్తగా ఉంటుంది. తోలు అమ్ముకునేవారి లెక్క వేరు. వాళ్లకు జంతువు పడిన చోటే పడాలి, రంధ్రం కనిపించకూడదు. ఈ రెండు కోరికలూ ఒకదానికొకటి అడ్డం. ప్లాస్టిక్ మొన ఉన్న, తగలగానే చెదిరిపోయే వార్మింట్ గుండు సరిగ్గా పక్కటెముకల మధ్య దూరితే లోపలే ముక్కలై బయటికి రాదు. అప్పుడు తోలుకు ఒక్క చిన్న చిల్లే. అదే గుండు భుజం ఎముక మీద తగిలితే పైపైనే పేలి అరచేతంత గాయం చేస్తుంది. తోలూ పోతుంది, జంతువూ ఒక్కోసారి లేచి పరుగెడుతుంది. గట్టి తొడుగు గుండు లోతుకు పోతుంది గానీ అవతలి పక్క పెద్ద రంధ్రం చేసుకుని బయటపడుతుంది. సైన్యం వాడే పూర్తి రాగి తొడుగు గుండు విచ్చుకోకుండా సూదిలా దూసుకుపోవచ్చు. అప్పుడు తోలుకు నష్టం తక్కువే అయినా జంతువు చాలా దూరం పోయి ఎక్కడో చస్తుంది.

గొర్రెల మందను కాపాడుకోవాలనుకునే రాంచర్‌కు తోలు గొడవ లేదు. అతనికి లోతుకు పోయే గుండే మేలు. క్యాలిబర్ ఒకటే అయినా ఇద్దరు కొనే పెట్టెలు వేరుగా ఉండడానికి కారణమిది.

చెదిరిపోయే గుండ్లకు ఇంకో మంచి గుణముంది. వేగంగా పోయే తేలిక గుండు నేలకు తగిలితే సాధారణంగా ముక్కలైపోతుంది. నిదానంగా పోయే .22 లాంగ్ రైఫిల్ గుండు రాతి మీదో గడ్డకట్టిన నేల మీదో పడి ఎగిరి ఇంకోవైపుకు పోతుంది, మైలు దాటి పోగలదు. చిన్న తూటా గనుక ఇళ్ల మధ్య క్షేమమన్న నమ్మకం అందుకే ప్రమాదకరం. జంతువు వెనక ఏముందన్న ప్రశ్న ఏ క్యాలిబర్‌కూ తప్పదు.

ప్రెయిరీ డాగ్ మైదానం వేరు, జింక లైసెన్సు వేరు

సౌత్ డకోటా లాంటి చోట ప్రెయిరీ డాగ్‌ల మీద ఒక్క రోజులో వందల తూటాలు పేలుస్తారు. బ్యారెల్ చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతుంది. అక్కడ బరువైన దళసరి బ్యారెల్, తక్కువ మందు, తక్కువ దెబ్బ కావాలి. .17 హెచ్ఎమ్ఆర్ దగ్గరివాటికి, .204 లేదా .223 దూరపువాటికి అని రెండు మూడు రైఫిళ్లు మార్చుకుంటూ కూర్చుంటారు. అదే దళసరి బ్యారెల్ రైఫిల్‌ను కయోటీ కోసం మంచులో మైళ్లు మోస్తే భుజం పడిపోతుంది. ఏ ప్రెయిరీ డాగ్ అన్నదీ ముఖ్యమే. యూటా ప్రెయిరీ డాగ్ ఫెడరల్ చట్టం కింద రక్షణ ఉన్న జాతి.

1955 నుంచి ఉన్న .243 విన్‌చెస్టర్‌ను కయోటీకి కొనేవారి ఆలోచన వేరు. ఒకే రైఫిల్‌తో కయోటీ, జింక రెండూ కావాలన్నదే వాళ్ల ఉద్దేశం. కయోటీకి 58 గ్రెయిన్ల గుండు, జింకకు 100 గ్రెయిన్లది. కొన్ని రాష్ట్రాల్లో జింకకు .22 గుండ్లు చెల్లవు. కొలరాడోలో కనీసం .24 ఉండాలి, వర్జీనియాలో .23. అలాంటి చోట .243కి బలమైన కారణముంది. కయోటీ తోలుకు మాత్రం అది ఎక్కువ బలమే.

అసలు కాల్చడం వల్ల కయోటీలు తగ్గుతాయా

రైఫిల్ చర్చ వెనక ఈ పెద్ద ప్రశ్న ఎప్పుడూ ఉంటుంది. వ్యవసాయ శాఖలోని వైల్డ్‌లైఫ్ సర్వీసెస్ విభాగమే ఏటా పదుల వేల కయోటీలను చంపుతోంది. వేటగాళ్లు చంపేవి అదనం. అయినా గత శతాబ్దంలో కయోటీ ఖండమంతా విస్తరించింది. పెత్తనం చేసే జంటను చంపితే ఆ ఇలాకాలోకి కుర్ర కయోటీలు చొరబడతాయని, మిగిలినవాటికి తిండి పెరిగి పిల్లలు ఎక్కువ బతుకుతాయని, విచక్షణ లేని వేట మందకు మేలు చేయదని కొందరు జీవశాస్త్రవేత్తల వాదన. కాపలా కుక్కలు, రాత్రి కంచెలు మేలంటారు వాళ్లు. గొర్రెలు ఈనే కాలానికి ముందు, నష్టం జరుగుతున్న చోటే, ఆ పని చేస్తున్న కయోటీనే తొలగిస్తే నష్టం తగ్గడం తాము కళ్లారా చూస్తున్నామని రాంచర్లంటారు. ఈ రెండు మాటలూ పైకి కనిపించినంత విరుద్ధం కావు. మొదటిది మొత్తం సంఖ్య గురించి, రెండోది ఒక పొలంలో ఒక రుతువు గురించి. ఎక్కువ కయోటీలను చంపినవారికి బహుమతులిచ్చే పోటీలను కాలిఫోర్నియా 2014లో నిషేధించింది. తర్వాత మరికొన్ని రాష్ట్రాలు అదే బాట పట్టాయి.

రైఫిల్ కంటే ముందు తెలియాల్సిన చట్టాలు

వేట నియమాలు రాష్ట్రానికో తీరు. రాత్రి వేట, థర్మల్ టెలిస్కోప్, ప్రభుత్వ భూముల్లో క్యాలిబర్ హద్దు అన్నీ మారుతుంటాయి. నార్త్ కరొలైనా తూర్పు కౌంటీల్లో అంతరించిపోతున్న ఎర్ర తోడేలు తిరుగుతుంది. చూపుకు అది కయోటీలాగే ఉంటుంది కాబట్టి అక్కడ కయోటీ వేట మీద ప్రత్యేక ఆంక్షలున్నాయి.

కాలిఫోర్నియాలో 2019 జులై 1 నుంచి ఏ అడవి జంతువు వేటకైనా సీసం గుండు చెల్లదు. వదిలేసిన కళేబరంలోని సీసపు తునకలు తిని కాండర్ రాబందులు చచ్చిపోతుండడమే దీనికి మూలం. రాగి సీసం కంటే తేలిక. అదే బరువుకు రాగి గుండు పొడుగ్గా ఉండాలి, పొడుగైతే వేగంగా తిరిగే బ్యారెల్ కావాలి. ట్విస్ట్ అంకె ఇక్కడ మళ్లీ అవసరమైంది. పాత 1:14 రైఫిల్ ఉన్నవారికి ఈ చట్టం తూటాల ఎంపికను బాగా కుదించింది.

ఇండియాలో ఈ ప్రశ్నకే తావు లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది. 2022 సవరణతో గుంటనక్క మొదటి షెడ్యూల్‌లోకి, అంటే పులితో సమానమైన రక్షణలోకి వచ్చింది. పంట తినే అడవి పందుల్ని కాల్చడానికి కూడా అధికారిక అనుమతి తప్పనిసరి.

అమెరికాలో ఉన్న తెలుగువారికి ముఖ్యమైన మాట వీసా గురించి. ఎఫ్-1, హెచ్-1బీ, హెచ్-4, బీ-2 వంటి నాన్-ఇమిగ్రెంట్ వీసాల మీద ఉన్నవారు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడాన్ని ఫెడరల్ చట్టం సాధారణంగా నిషేధిస్తుంది. తుపాకీ సొంతం కానక్కర్లేదు, చేతిలో ఉంటే చాలు. స్నేహితుడి రాంచ్‌లో సరదాగా నాలుగు గుండ్లు పేల్చినా ఆ నిషేధం కిందికే వస్తుంది. దీనికున్న మినహాయింపుల్లో సామాన్యులకు అందుబాటులో ఉన్నది ఒకటే: అమెరికాలోని ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన, గడువు దాటని వేట లైసెన్సు. గ్రీన్ కార్డు ఉన్నవారికి ఈ నిషేధం వర్తించదు. కొన్ని రాష్ట్రాల్లో సొంత భూమిలో, పశువులకు హాని చేసే జంతువుల్ని కాల్చడానికి రాష్ట్ర చట్టం లైసెన్సు అడగదు. దాన్ని చూసి చాలామంది నిశ్చింతగా ఉంటారు. రాష్ట్రం అడగకపోయినా ఫెడరల్ మినహాయింపు నిలబడేది ఆ లైసెన్సు కాగితం మీదే. అది లేకుండా వీసా మీదున్న వ్యక్తి చేతిలో రైఫిల్ కనిపిస్తే అది ఫెడరల్ నేరం, జైలుతో పాటు దేశం నుంచి పంపేయడానికీ దారితీస్తుంది.